కడుపులో బిడ్డకి ఏ బోరు నీళ్ళు?

"వంటకి ఏ నీళ్ళమ్మా?"

డాక్టరమ్మ ఆ మాట అడగ్గానే మా చెల్లె నా మొహం చూసింది. రక్తం తక్కువుందని వస్తే నీళ్ళ సంగతి అడుగుతుందేమిటీ అన్నట్టు!

చెల్లె అంటే మా చిన్నమ్మ కూతురు. పుట్టిల్లు కోరుట్ల. అత్తగారిల్లు సిరిసిల్ల పక్కన ఓ పల్లె. జగిత్యాలలో నేనున్నాను కనుక, "అక్క దగ్గర రెండ్రోజులుండి మంచిగ చూపించుకో బిడ్డా" అని చిన్నమ్మ పంపించింది. తొలిచూలు. ఐదో నెల. రెండు నెలలుగా ఐరన్ మాత్రలు తప్పకుండా మింగుతోంది. అయినా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటి పైకి రానంటోంది. వేవిళ్ళు తగ్గినా ఆకలి లేదు. కడుపుబ్బరం. పొద్దున లేవగానే నడుం పట్టేసినట్టుంటుందట.

"తాగడానికి క్యాను నీళ్ళే డాక్టరమ్మా. ఇరవై లీటర్లది తెప్పిచ్చుకుంటం" అంది చెల్లె, కాస్త గర్వంగానే.

"నేనడిగింది వంటకి."

"వంటకైతే బోరు నీళ్ళే గదా! బియ్యం, పప్పు, చాయ... అన్నిటికీ గవే."

డాక్టరమ్మ మాత్రలేమీ మార్చలేదు. చీటీ కింద ఒక్క ముక్క రాసింది... బోరు నీళ్ళకి ఫ్లోరైడు టెస్టు చేయించమని.

ఇంటికొచ్చే దారంతా నాకు ఒకటే సిగ్గు. డిగ్రీ చదివాను. నాలుగు కథలు రాశాను. అయినా ఫ్లోరైడు అనగానే నాకు గుర్తొచ్చేది నల్గొండే. వంకర కాళ్ళ పిల్లల ఫొటోలు, గూని పట్టిన నలభై ఏళ్ళ ఆడవాళ్ళు... అదంతా ఎక్కడో మునుగోడు, మర్రిగూడ వాళ్ళ కష్టం, మన గోదావరి పక్క వాళ్ళకేం అనుకుంటూ వచ్చాను. ఆ వారం రోజులూ దొరికిందల్లా చదివాను, తెలిసినవాళ్ళనల్లా అడిగాను. తెలుసుకున్నది మీకూ చెబుదామనే ఈ వ్యాసం.

రాయి గుణం

ఫ్లోరైడు ఎవరో తెచ్చి పోసిన విషం కాదు. మన కాళ్ళ కింద రాతిలోనే ఉంది. దక్కను నేలంతా నల్లరాయి, ఎర్రరాయి. ఆ గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు కలిసి ఉంటాయి. వాన నీరు ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిపోతే ఆ ఖనిజాలు కొద్దికొద్దిగా కరిగి నీళ్ళలోకి వస్తాయి. సున్నం పాలు తక్కువై, సోడా గుణం ఎక్కువున్న నీళ్ళలో ఇంకా తేలిగ్గా కరుగుతాయి. మన చిన్నప్పుడు చేదబావి ఉండేది, ముప్ఫై నలభై అడుగుల్లో ఊట అందేది. తర్వాత బోర్లొచ్చాయి. వంద అడుగులు, మూడొందలు, ఐదొందలు! రాతిలో ఎన్నాళ్ళనుంచో మాగిన నీళ్ళని పైకి లాగుతున్నామన్న మాట.

కేంద్ర భూగర్భ జల మండలి ఫ్లోరైడు జాబితాలో ఒక్క నల్గొండే లేదు. అవిభక్త కరీంనగర్ జిల్లా పేరు కూడా ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 అక్టోబరు దాకా ఆ జిల్లాలోవే కదా! అట్లాగని ప్రతి బోరూ చెడ్డదని కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మీ బోరు మంచిదై, గోడవతల పక్కింటివాళ్ళ బోరు చెడ్డదై ఉండొచ్చు. రుచిలో తేడా ఉండదు, రంగుండదు, వాసనుండదు. పైగా మా చిన్నమ్మ లాంటివాళ్ళు "మా బోరు నీళ్ళు కొబ్బరినీళ్ళ లెక్కనే ఉంటయి" అని మురిసిపోతారు!

లెక్క మాత్రం సులువు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన దేశపు ప్రమాణం. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే.

ముందు ఎడ్లకి, తర్వాత మనుషులకి

ఈ జబ్బు మన దేశంలో మొదట బయటపడింది తెలుగు నేల మీదే. 1930లలో అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతంలో దుక్కిటెద్దులు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతుంటే రైతులు గమనించారు. మనుషుల్లోనూ అదే జబ్బుందని షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు 1937లో రాశారు. ఎద్దు నడవకపోతే దుక్కి ఆగుతుంది కాబట్టి వెంటనే కంటబడింది. నడుం వంగిన ఆడది వంగిన నడుంతోనే నీళ్ళు మోసింది, వంట చేసింది... ఆమె ఎవరి కంట పడింది?

నల్గొండ సంగతి 1955లో వైద్య పత్రికలకెక్కింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి పిల్లల్లో మోకాళ్ళు రెండూ లోపలికి ఒరుసుకుపోయే జబ్బు గురించి రాశారు. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్లో ఎముక మరీ మెత్తబడిపోతుందని అప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు. నీళ్ళ కోసం ఆ జిల్లా చేయని పోరాటం లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేస్తే నల్గొండ బరిలో 480 మంది అభ్యర్థులు తేలారు! బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. ఫ్లోరోసిస్ వంచేసిన శరీరంతోనే ఊరూరా ఆ కష్టం చెప్పిన శివన్నగూడెం అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు.

ఇవన్నీ కంటికి కనిపించే కష్టాలు. వంకర కాలు ఫొటోలో పడుతుంది. మా చెల్లెకున్నది మాత్రం ఏ ఫొటోలోనూ పడేది కాదు.

రక్తం ఎందుకు పట్టదు?

మనం మింగిన ఐరన్ మాత్ర రక్తంలో కలవాలంటే పేగు లోపలి గోడ బాగుండాలి. ఆ గోడ మీద మఖ్మలు గుడ్డ మీద నూగులాగా సన్నటి పోగులుంటాయి. తిన్నదాంట్లో సారాన్ని పీల్చేవి అవే. ఫ్లోరైడు ఎక్కువ ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి పడితే ఆ నూగు రాలిపోతుందని ఢిల్లీలో ఫ్లోరోసిస్ మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త ఎ.కె. సుశీల చూపించారు. ఆకలి లేకపోవడం, కడుపుబ్బరం, వాంతి వచ్చినట్టుండటం... ఇవన్నీ అందుకేనట. గర్భిణికి ఇవే లక్షణాలుంటే మనం ఏమంటాం? "కడుపుతో ఉన్నప్పుడు మామూలే, సర్దుకుంటుంది" అంటాం. నేనూ అన్నాను.

సుశీల గారి బృందం 2010లో అచ్చువేసిన అధ్యయనం నాకు బాగా నచ్చింది. ఢిల్లీలో రక్తం తక్కువున్న గర్భిణుల్లో మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువ ఉన్నవాళ్ళని ఎంచుకుని రెండు జట్లు చేశారు. ఐరన్, ఫోలిక్ మాత్రలు అందరికీ మామూలే. ఒక జట్టుకి అదనంగా చెప్పిందల్లా నీళ్ళు మార్చుకోవడం, ఫ్లోరైడు ఉన్న తినుబండారాలు మానడం, పాలు, ఆకుకూరలు, పండ్లు పెంచుకోవడం. అంతే! ఆ జట్టులో హిమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల సంఖ్య తగ్గింది. ఖరీదైన మందేమీ లేదు చూడండి. కుండ మార్చారు, కూర మార్చారు.

రక్తం తక్కువున్న ప్రతి గర్భిణికీ ఫ్లోరైడే కారణమని మాత్రం అనుకోకండి. తిండి చాలకపోవడం, నులిపురుగులు, కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోవడం... సవాలక్ష కారణాలు. మాత్రలు మానేయమని అసలే కాదు. మాత్రలు వేసుకుంటున్నా పట్టడంలేదంటే నీళ్ళ వైపు కూడా ఓసారి చూడమని.

ఇంకో మాట. రక్తం తక్కువైతే మన ఇళ్ళల్లో తప్పెవరిది? "పెట్టింది తినదు, ఊరికే పండుకుంటది" అని కోడలిదే. మా చెల్లె మీదా ఆ మాట పడింది. మూడు నెలలు మౌనంగా ఏడ్చిందట. తప్పు బోరుదని తెలిసినప్పుడు అది ముందు నవ్వింది, తర్వాత మళ్ళీ ఏడ్చింది.

మాయ దాటి...

కడుపులో బిడ్డకి మాయ ఒక కోటగోడ లాంటిది, చెడు లోపలికి పోనీయదు అనుకునేవాళ్ళం. ఫ్లోరైడుని ఆపే శక్తి ఆ గోడకి లేదు. తల్లి రక్తంలోంచి మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది. అక్కడ ఎముకలు, చిగుళ్ళ లోపల పాలపళ్ళ మొలకలు, అన్నిటికంటే ముఖ్యంగా మెదడు తయారవుతూ ఉంటాయి.

మెదడు సంగతి ఈ పదేళ్ళలోనే గట్టిగా చర్చకొచ్చింది. మెక్సికోలో దాదాపు మూడొందల మంది తల్లుల్ని గర్భంతో ఉన్నప్పటినుంచీ గమనించి, వాళ్ళ పిల్లలకి నాలుగేళ్ళప్పుడు, మళ్ళీ ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య తెలివి పరీక్షలు పెట్టారు. తల్లి మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువ ఉన్నకొద్దీ పిల్లల మార్కులు కాస్త కాస్త తగ్గాయని 2017లో చెప్పారు. కెనడాలో 2019లో ఇలాంటి పరిశోధనే మగపిల్లల్లో తేడా చూపించింది, ఆడపిల్లల్లో చూపించలేదు. స్పెయిన్, డెన్మార్కుల్లో చేసిన వాటిలో అలాంటి నష్టం కనబడలేదు. అందుకని తక్కువ మోతాదు దగ్గర శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మన బోర్లలో ఉండేది ఆ తక్కువ మోతాదు కాదు కదా! అమెరికా ప్రభుత్వ సంస్థ జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రాం 2024 ఆగస్టులో తన నివేదిక ఇచ్చింది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళకీ, పిల్లల తెలివి మార్కులు తగ్గడానికీ సంబంధం ఉందని ఓ మోస్తరు నమ్మకంతో చెప్పగలమంది. నాణ్యమైనవని వాళ్ళు ఎంచిన 19 అధ్యయనాల్లో 18 ఆ మాటే చెప్పాయి. తగ్గేది కొద్ది మార్కులే. మీ పిల్లాడు లెక్కల్లో తప్పితే బోరుని తిట్టమని కాదు. కానీ ఒక ఊరి పిల్లలందరికీ కొద్దికొద్దిగా తగ్గితే ఆ ఊరికి జరిగే నష్టం కొద్దిదా?

తమాషా ఏమిటంటే, అమెరికావాళ్ళు పళ్ళు పుచ్చకుండా ఉండాలని 1945 నుంచి కుళాయి నీళ్ళలో ఫ్లోరైడు కావాలని కలుపుకుంటున్నారు! ఇప్పుడు అక్కడ కలిపేది 0.7 మాత్రమే. అది కూడా కలపాలా వద్దా అని కోర్టులకెక్కారు. 2025లో యూటా రాష్ట్రం వద్దని చట్టమే చేసింది. వాళ్ళు కొలిచి కలుపుకున్నదాని గురించి అంత రచ్చ. మనం కొలవకుండా తాగుతున్నాం.

పెళ్ళిచూపుల్లో పళ్ళు

ఇంట్లో బోరు మంచిదో కాదో పిల్లల పళ్ళు చెబుతాయి. కాకపోతే ఆలస్యంగా చెబుతాయి. ముందరి పళ్ళ పింగాణీ పొర చిగురు లోపలే పుట్టినప్పటినుంచి నాలుగైదేళ్ళలోపు తయారైపోతుంది. ఆ రోజుల్లో తాగిన నీళ్ళ జాతకం ఏడో ఏట ఆ పన్ను బయటికొచ్చాక కనిపిస్తుంది. ముందు సుద్దముక్కలా తెల్లటి మచ్చలు, గీతలు. ముదిరితే పసుపు, గోధుమ రంగు. ఈ గీతలు పంటికి అడ్డంగా, అటూ ఇటూ జంట పళ్ళ మీద ఒకేలా ఉంటాయి. తోమితే పోవు. ఎందుకంటే అది పంటి మీది పాచి కాదు, పన్నే అది.

మా దూరపు బంధువుల అమ్మాయి ఎమ్మెస్సీ చదివింది. రెండు సంబంధాలు పళ్ళ దగ్గరే ఆగిపోయాయి. నవ్వడం మానేసింది ఆ పిల్ల. ఫొటోకి పెదాలు బిగించుకుంటుంది. "మంచిగ పళ్ళు తోముకోదు" అన్నారట చూసినవాళ్ళు. మూడేళ్ళ పిల్లప్పుడు ఎవరో పట్టిన నీళ్ళకి ఇరవై మూడేళ్ళప్పుడు ఈ మాట!

తల్లిపాల గొప్ప

ఇంత చదివాక నాకు ధైర్యాన్నిచ్చిన సంగతి ఒకటుంది. తల్లి తాగిన ఫ్లోరైడు మాయ దాటుతుందిగానీ తల్లిపాలలోకి మాత్రం దాదాపు రాదు. తల్లి ఎంత ఫ్లోరైడు తాగినా పాలలో చేరేది అతి స్వల్పం. కాబట్టి మొదటి ఆరు నెలలు పాలు తప్ప చుక్క నీళ్ళు పట్టకుండా ఉంటే ఆ బిడ్డకి ఫ్లోరైడు బాధ లేనట్టే. అదే డబ్బా పాలయితే? పొడి కలిపేది బోరు నీళ్ళలో. పెద్దవాళ్ళు రోజుకి రెండు లీటర్లు తాగి యాభై కిలోల ఒంటికి పంచుకుంటారు. నాలుగు కిలోల పసికందు పొట్టలోకి పోయేదంతా ఆ డబ్బా పాలే. కాన్పు కాగానే "పాలు సరిపోతలేవు" అని డబ్బా తెప్పించే అమ్మమ్మలు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. మరీ తప్పనిసరైతే టెస్టు చేయించిన నీళ్ళతో కలపాలి.

వంటింట్లో ఏం చేయాలి?

చాలామంది అడిగేది... మరిగిస్తే పోతుందా? పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు అక్కడే ఉంటుంది. నీళ్ళు ఆవిరై తగ్గుతాయి కాబట్టి ఇంకా చిక్కబడుతుంది కూడా. బిందెలో పటిక తిప్పితే మడ్డి దిగుతుంది, ఫ్లోరైడు దిగదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు మూడింటినీ లెక్క ప్రకారం కలిపి తీసే పద్ధతి ఉంది. నాగపూర్ నీరీ సంస్థది. దాని పేరే నల్గొండ పద్ధతి. కొలతలు తెలిసినవాళ్ళు చేయాల్సిన పని అది. ఇంట్లో ఉజ్జాయింపుగా చేయకండి. మామూలు క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడుని ఆపదు. ఆర్వో ఆపుతుంది.

మరి ఆర్వో క్యాను తెచ్చుకుంటున్నాం కదా అంటారా? మా చెల్లె పొరపాటు అక్కడే. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. వెనకటిలా గంజి వార్చే రోజులు కావివి, కుక్కర్లో పెట్టామంటే ఆ రెండు గ్లాసులూ అన్నంలోకే. పప్పులోకి మూడు గ్లాసులు. చారు మొత్తం నీళ్ళే. చాయ సరేసరి. ఇవన్నీ కూడితే తాగేవాటికి తీసిపోవు. క్యాను మూత తీసి గ్లాసులో పోసుకున్నామన్న తృప్తే తప్ప సగం బోరు కడుపులోకి పోతూనే ఉంది. తాగడానికీ వంటకీ ఒకే మంచి నీళ్ళు వాడాలి. గిన్నెలకీ బట్టలకీ స్నానానికీ బోరు భేషుగ్గా పనికొస్తుంది. ఒంటి మీద పోసుకుంటే ఫ్లోరైడు పట్టదు.

మిషన్ భగీరథ నల్లా వచ్చిన ఇళ్ళకి వేరే ఖర్చు కూడా అక్కర్లేదు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర మొదలైన ఆ పథకం నీళ్ళు నదుల నుంచి, జలాశయాల నుంచి శుద్ధి చేసి పంపేవి. ఏటి నీళ్ళలో ఫ్లోరైడు తక్కువే. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు సున్నా అని 2020లో కేంద్రం పార్లమెంటుకి చెప్పింది కూడా. మంచిదే. కానీ సున్నా అయింది మంచినీళ్ళు అందని ఊళ్ళ లెక్క. బోర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి నీళ్ళూ అట్లాగే ఉన్నాయి. "నల్లా నీళ్ళు మందు వాసనస్తయి, పప్పు ఉడకది" అని మళ్ళీ బోరు స్విచ్చి వేసేవాళ్ళు మా గల్లీలోనే నలుగురున్నారు! మందు వాసన క్లోరినుది. బిందెలో పట్టి కాసేపు మూత తీసి ఉంచితే తగ్గుతుంది.

చాయ సంగతి కూడా చెప్పాలి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల... ఏ గల్లీలో చూసినా బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళే. వెయ్యి బీడీలు చుట్టేదాకా నడుం ఎత్తరు. ఆకలి చంపేది చాయే. తేయాకు మొక్క నేలలో ఫ్లోరైడుని లాక్కుని ఆకులో దాచుకుంటుంది. ఉత్త మంచినీళ్ళతో కాచినా ఆ డికాక్షన్లో లీటరుకి ఒకటి నుంచి నాలుగైదు మిల్లీగ్రాముల దాకా దిగుతుంది. దానికి బోరు నీళ్ళు తోడైతే చెప్పేదేముంది! పైగా తిన్నదాంట్లో ఐరన్ని కూడా చాయ పట్టనివ్వదు. కడుపుతో ఉన్నవాళ్ళు రోజుకి ఒకటి, మరీ ఉండలేకపోతే రెండు. అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు. వక్కపొడి, నల్ల ఉప్పు కూడా ఆ కొన్నాళ్ళు పక్కన పెట్టమంటారు.

ఏం తినాలంటే మన వంటింట్లోవే. పాలు, పెరుగు, తైద అంబలి, నువ్వులు బాగా వేసిన సర్వపిండి, మునగాకు... కాల్షియం కడుపులో ఫ్లోరైడుని పట్టుకుని బయటికి పంపేస్తుంది. జామ, ఉసిరి, నిమ్మ. అన్నిటికంటే నాకు సంతోషమేసింది చింతపండు విషయంలో! మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు కొందరు మగపిల్లలకి రోజూ కొంచెం చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని 2002లో రాశారు. అత్తగారి పచ్చిపులుసుని ఇకమీద ఎవరూ ఏమీ అనకండి.

పిల్లలు పళ్ళు తోముకునే పేస్టు మింగకుండా చూడాలి. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు బఠాణీగింజంత చాలు. టీవీ ప్రకటనలో బ్రష్షు నిండా పాము చుట్టలా వేసేది అమ్ముకోవడానికి.

నాన్‌స్టిక్ పెనం సంగతేంటి?

ఇదంతా చెబుతుంటే మా పక్కింటి వదిన అడిగింది. "ఫ్లోరిన్ అంటే మా దోసె పెనం మీద పూతలో ఉండేది గూడా గదేనట గదా?" అని. మంచి ప్రశ్నే. మూలకం ఒకటే. కానీ బోరు నీళ్ళలో ఫ్లోరైడు వేరు, కార్ఖానాలో ఫ్లోరిన్‌ని కార్బనుతో కలిపి చేసే రసాయనాలు వేరు. ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరన్న మాట.

వాటి కథ అమెరికాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గరిది. అక్కడ డ్యూపాంట్ కంపెనీ టెఫ్లాన్ తయారీలో సీ-8 అనే రసాయనం వాడేది. ఆ రసాయనం సరఫరా చేసే కంపెనీ ఎలుకల మీద పరీక్షిస్తే పుట్టిన పిల్లల కళ్ళలో లోపాలు కనిపించాయని 1981లో చెప్పింది. డ్యూపాంట్ ఆ విభాగంలోంచి ఆడవాళ్ళని తప్పించింది. అక్కడ పనిచేస్తూ గర్భం దాల్చినవాళ్ళకి పుట్టిన పిల్లల్లో ఇద్దరికి అలాంటి లోపాలే ఉన్నట్టు కంపెనీ కాగితాల్లోనే ఉంది. ఊరివాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు. చివరికి విల్బర్ టెనెంట్ అనే రైతు తన ఆవులు వరసగా చచ్చిపోతున్నాయని రాబ్ బిలాట్ అనే లాయరు దగ్గరికి వెళితే 1999లో కేసు పడింది. అక్కడా ముందు పశువులే, చూశారా!

తర్వాత సుమారు 69 వేల మంది రక్తం పరీక్షించి తేల్చిన నిపుణులు 2012 నాటికి ఆరు జబ్బులకి దీనితో సంబంధం ఉండొచ్చన్నారు. అందులో ఒకటి గర్భిణులకొచ్చే బీపీ. పుట్టుకతో వచ్చే లోపాలకి మాత్రం సంబంధం తేలలేదన్నారు. అమెరికా పెద్ద కంపెనీలు 2015 నాటికి ఆ రసాయనం మానేశాయి. 2019లో స్టాక్‌హోం ఒప్పందం కింద నిషేధ జాబితాలోనూ చేరింది. ఇంట్లో పెనం మీదున్న పూత మామూలు సెగ మీద రక్తంలోకి ఎక్కేది కాదు. ఖాళీ పెనం పొగలొచ్చేలా కాల్చకుండా, పూత రేగినదాన్ని అవతల పారేస్తే చాలు. మా వదినకి ఆ మాటే చెప్పాను. మా ఇంట్లో మా అత్తగారిచ్చిన ఇనుప పెనమే ఇప్పటికీ. దోసె అంటుకుంటుంది, నిజమే. ఇనుములో ఉండే ఐరన్ కాస్త కూరలోకి దిగుతుందని సర్దుకుంటాను. కానీ మన వైపు గర్భిణికి భయం పెనం దగ్గర లేదు, బిందె దగ్గరుంది.

సీసా పట్టుకుని...

నీళ్ళ టెస్టు పెద్ద పనేమీ కాదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి, గాజుది వద్దు. బోరు ఐదు నిమిషాలు నడిపి, అవే నీళ్ళతో సీసా మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, మీద ఊరు పేరు, ఏ బోరు, తేదీ రాయండి. జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో చూస్తారు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకి కిట్టుతో పరీక్షించడం నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురూ ఎవరో పంచాయతీలో అడగండి. ఆ కిట్టులో మందు చుక్కలు వేస్తే గులాబి రంగు నీళ్ళు ఫ్లోరైడు ఎక్కువున్నకొద్దీ పసుపులోకి తిరుగుతాయి. చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

మా చెల్లె అత్తగారింటి బోరు గీత దాటే ఉంది. ఫోన్లో చెబితే దాని మామగారు నమ్మలేదు. "ముప్ఫై ఏండ్ల సంది తాగుతున్నం, మాకేమైంది?" అన్నారు. వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది, "మీకేం గాలే, నా మోకాళ్ళు అడుగుండ్రి" అని! ఆ ఒక్క మాటతో పని జరిగిపోయింది. ఆయన సాంచాల మీద పనిచేసే మనిషి, మాట పెళుసు, మనసు మంచిది. మర్నాడే నల్లా పైపు వంటింటి దాకా లాగించారు. అత్తగారు రెండు స్టీలు బిందెలు వేరుచేసి, వంట బిందె మెడకి ఎర్రదారం కట్టుకున్నారు, తెలియక ఎవరైనా బోరు నీళ్ళు నింపుతారని.

ఏడో నెలలో శ్రీమంతం చేసి చెల్లెని కోరుట్ల తీసుకొచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లో కదా. అప్పుడు గుర్తొచ్చింది... ఆ నీళ్ళు సరిచేశాం, మరి ఈ కొబ్బరినీళ్ళ బోరు సంగతి? చిన్నమ్మ మొదట అలిగింది. తర్వాత తనే సీసా పట్టిచ్చింది. అదృష్టం, ఆ బోరు ఒకటి లోపే ఉంది. ఇక చిన్నమ్మని పట్టుకోలేకపోయాం! హిమోగ్లోబిన్ తొమ్మిదో నెలకి పదిన్నరకి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. రెండున్నర కిలోల మీద కాస్త ఎక్కువే. నీళ్ళ వల్లో, తిండి వల్లో, పుట్టింటి సుఖం వల్లో నేను చెప్పలేను.

బారసాలకి వెళ్ళినప్పుడు వాళ్ళింటి వెనక అంగన్‌వాడీ చూశాను. గర్భిణులకి, పిల్లలకి అక్కడే భోజనం. గుడ్డు, పాలు, ఆకుకూర పప్పు... అన్నీ బాగానే పెడుతున్నారు. "వంటకి ఏ నీళ్ళమ్మా?" అని అడిగాను. ఆయమ్మ వెనక్కి చెయ్యి చూపించింది. చేతిపంపు. నల్లా ఉందిగానీ పైపు విరిగి నెలైందట. సంచిలో ఉన్న ఖాళీ సీసా తీసి, నాలుగైదు బిందెలు కొట్టాక నింపుకున్నాను. మీద అంగన్‌వాడీ పేరు, తేదీ రాసి సోమవారం ల్యాబులో ఇచ్చి వచ్చాను. రిపోర్టు ఇంకా రాలేదు.